మైక్రోవేవ్ హీట్ ప్యాక్: మెడనొప్పికి ఇంట్లోనే కుట్టుకుంటున్నారా..? ముందు ఆ బట్ట ఏంటో చూసుకోండి.. ఆఫీస్ టీషర్ట్ గుడ్డ అయితే డేంజరే!

బియ్యమా, ఉలవలా అని అందరూ ఆలోచిస్తారు.. కానీ సంచి ఏ గుడ్డతో కుట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. అసలు సమస్య అక్కడే ఉంది.

హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్.. ఐటీ కారిడార్‌లో మెడనొప్పి, నడుంనొప్పి లేనివాళ్లను వెతకడం కష్టమే. గంటల తరబడి ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం, నైట్ షిఫ్టులు, నెత్తిమీద ఏసీ గాలి.. ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసి ఉంటుంది. అప్పుడు గుర్తొచ్చేది కాపడమే. పీరియడ్స్ టైమ్‌లో కడుపునొప్పికి కూడా చాలామంది అమ్మాయిలు దీన్నే నమ్ముకుంటారు.

అమ్మమ్మల కాలంలో పెనం మీద ఉప్పో, తవుడో, వామో వేయించి, పాత నూలు గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేవాళ్లు. ఇప్పుడు ఫ్లాట్లలో, పీజీ హాస్టళ్లలో పెనం బదులు మైక్రోవేవ్ ఓవెన్ వచ్చింది. గుడ్డ సంచిలో అరకిలో బియ్యం పోసి కుట్టేసి, ఓవెన్‌లో కాసేపు తిప్పితే హీట్ ప్యాక్ రెడీ. పెద్దగా ఖర్చు లేదు. వైరు పెట్టాల్సిన పనీ లేదు.

అయితే పాత పద్ధతికి, కొత్త పద్ధతికి ఒక పెద్ద తేడా ఉంది. అప్పట్లో మూట మనిషి చేతిలోనే ఉండేది. కమురు వాసన వస్తే ఆ క్షణమే తీసేసేవాళ్లు. ఇప్పుడు గుడ్డతో సహా మూట మొత్తం తలుపు వేసిన పెట్టెలోకి వెళ్తోంది. లోపల ఏం జరుగుతోందో బయటకు తెలిసేసరికి ఆలస్యం అయిపోవచ్చు. అందుకే బట్ట ఎంపిక ఇక్కడ చాలా ముఖ్యం.

ఓవెన్ లోపల అసలేం జరుగుతుంది..?

మైక్రోవేవ్ తరంగాలు ముఖ్యంగా నీటి అణువులను వేడెక్కిస్తాయి. బియ్యం చూడటానికి పొడిగా ఉన్నా, మామూలుగా అందులో 12 నుంచి 14 శాతం దాకా తేమ ఉంటుంది. ఆ తేమే వేడెక్కి గింజను వేడి చేస్తుంది. గింజల వేడి గుడ్డకు తగులుతుంది. అంటే గుడ్డకు వచ్చే వేడిలో ఎక్కువ భాగం లోపలి గింజల నుంచే వస్తుంది.

తేమ ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. వేడి దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర అదుపులో ఉంటుంది. కానీ పదే పదే వేడి చేస్తే గింజలు ఎండిపోతాయి. అప్పుడు అక్కడక్కడా వేడి ఒక్కసారిగా పెరిగిపోతుంది. సంచి మధ్యలో గింజలు మాడి, బొగ్గులా మారి, నిప్పు రాజుకునే ప్రమాదం ఉంది. పైన గుడ్డ మామూలుగానే కనిపిస్తుంది.. లోపల మాత్రం కుంపటే. బయటకు తీసి సోఫా మీద పెట్టాక మంట వచ్చే అవకాశం కూడా ఉంటుంది.

ఇదేదో కొత్తగా కనిపెట్టిన ముప్పు కాదు. గోధుమలు నింపిన ఇలాంటి సంచుల వాడకం ఎక్కువగా ఉన్న బ్రిటన్‌లో వీటి కోసమే 2004లో ‘బీఎస్ 8433’ అనే ప్రమాణాన్ని తీసుకొచ్చారు. అక్కడి ఫైర్ సర్వీస్‌లు కూడా ఈ సంచుల విషయంలో జనాన్ని హెచ్చరిస్తూ ఉంటాయి. షాపులో కొన్నవాటికే అంత జాగ్రత్త అవసరమైతే, ఇంట్లో కుట్టుకునేవాటి సంగతి చెప్పక్కర్లేదు.

సేఫ్ బట్ట ఏది..?

ఒక్క మాటలో చెప్పాలంటే 100 శాతం కాటన్. అది కూడా దగ్గరగా నేసిన, మధ్యస్థ మందం ఉన్న గుడ్డ.

ఎందుకో అర్థం కావాలంటే ఇంట్లో ఇస్త్రీ పెట్టె చూస్తే చాలు. డయల్ మీద కాటన్ అనే గుర్తు బాగా ఎక్కువ వేడి దగ్గర ఉంటుంది. నైలాన్, సింథటిక్ గుర్తులు తక్కువ వేడి దగ్గర ఉంటాయి. కారణం సింపుల్. కాటన్ కరగదు. వేడి మరీ ఎక్కువైతే ముందు గోధుమ రంగులోకి మారుతుంది, కమురు వాసన వస్తుంది. అంటే మనకు ఒక వార్నింగ్ ఇస్తుంది.

పాలిస్టర్ అలా కాదు. దాదాపు 250 నుంచి 260 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. అంతకంటే చాలా ముందే మెత్తబడి ముడుచుకుపోతుంది. ఇప్పుడు షాపుల్లో సరుకులకు ఇచ్చే నాన్ వోవెన్ సంచులు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేసినవే. అది 160 నుంచి 170 డిగ్రీలకే కరుగుతుంది. కరిగిన ప్లాస్టిక్ ఒంటికి తగిలితే చర్మానికి అతుక్కుపోతుంది. మామూలు కాలిన గాయం కంటే ఇది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

అలాగని కాటన్ అసలు అంటుకోదని కాదు. అతిగా వేడి చేస్తే కాటన్ కూడా మండుతుంది. మంచి బట్ట మీకు కొంత సమయం ఇస్తుంది, అంతే. మిగతా పని టైమర్ చూసుకోవాలి.. టైమర్‌ను మీరు చూసుకోవాలి.

ఐటీ ఉద్యోగుల బీరువాలో ఉండే డేంజర్ బట్టలు ఇవే..

పాత బట్టలతో కుడదాం అనుకునేవాళ్లు ముందు తీసేది ఇవే. కానీ వీటిలో చాలా వరకు పనికిరావు.

ఆఫీస్ టీషర్టులు: కంపెనీ ఈవెంట్లకు, మారథాన్‌లకు ఇచ్చే టీషర్టుల్లో చాలా భాగం పాలిస్టర్, లేదా పాలిస్టర్ కాటన్ మిక్స్. చెమట త్వరగా ఆరిపోయే స్పోర్ట్స్ టీషర్టులు దాదాపు పాలిస్టర్‌వే. పైగా వాటి మీద ఉండే రబ్బరు లోగో ప్రింట్ వేడికి కరిగి అంటుకుంటుంది.

రింకిల్ ఫ్రీ షర్టులు: లేబుల్ మీద 100 శాతం కాటన్ అనే ఉండొచ్చు. కానీ ముడతలు పడకుండా వాటికి రసాయన పూత వేస్తారు. ఇలాంటి పూతల్లో ఫార్మాల్డిహైడ్ ఆధారిత రెజిన్లు వాడటం మామూలే. ఓవెన్‌లో వేడి చేసి, ముఖం పక్కనే పెట్టుకునే సంచికి అవి వద్దు.

స్ట్రెచ్ జీన్స్: మామూలు డెనిమ్ కాటనే. సాగే జీన్స్‌లో మాత్రం స్పాండెక్స్, ఒక్కోసారి పాలిస్టర్ కలుస్తుంది. రాగి, ఇత్తడి రివెట్లు, జిప్పులు ఉంటే అసలు పెట్టకూడదు.

ఫ్లీస్, మైక్రోఫైబర్: దుప్పట్లు, జాకెట్లు, తుడిచే గుడ్డలు.. చేతికి దూదిలా మెత్తగా తగులుతాయి. కానీ ఇవి దాదాపుగా పాలిస్టర్‌వే.

వెండిరంగు పూత గుడ్డ: ఇస్త్రీ టేబుల్ కవర్‌కు వాడే మెరిసే గుడ్డ వేడిని తట్టుకుంటుంది కదా అని కొందరు అనుకుంటారు. ఆ మెరుపు చాలావరకు అల్యూమినియం పూతది. మైక్రోవేవ్‌లో లోహం పెడితే నిప్పురవ్వలు వస్తాయి.

బెడ్‌షీట్లు: తక్కువ ధరకు వచ్చే వాటిలో పాలిస్టర్ మిక్స్ ఎక్కువ. లేబుల్ లేకపోతే నమ్మొద్దు.

చేనేత అయితే ఓకేనా..? ఈ మెలిక చూడండి

సైబర్ టవర్స్‌కు దగ్గర్లోనే ఉన్న శిల్పారామంలో చేనేత స్టాళ్లు ఉంటాయి. ఇంట్లో పాత చేనేత చీరలూ ఉంటాయి. చేనేత అంటే కాటనే కదా అనుకుంటే పొరపాటే. ‘హ్యాండ్లూమ్ మార్క్’ అనే గుర్తు ఆ బట్ట మగ్గం మీద నేసిందని చెబుతుంది. అది కాటన్ అని మాత్రం చెప్పదు. పట్టు, ఉన్ని కూడా మగ్గం మీదే నేస్తారు.

పోచంపల్లి ఇక్కత్ కాటన్‌లో దొరుకుతుంది, పట్టులో దొరుకుతుంది, రెండూ కలిపిన సీకోలోనూ దొరుకుతుంది. గద్వాల చీర ఒళ్లంతా కాటన్ అయినా, అంచు, కొంగు పట్టుతో నేసి జరీ వేస్తారు. మంగళగిరి కాటన్‌కు పేరు తెచ్చిందే ఆ జరీ అంచు. నారాయణపేటలోనూ అంతే.

జరీ అంటే లోహం. అసలు జరీలో వెండి, బంగారు పూత.. ఇమిటేషన్ జరీలో రాగి.. చవక రకంలో లోహపు పూత వేసిన ప్లాస్టిక్ పొర. ఏదైనా సరే మైక్రోవేవ్‌కు పనికిరాదు. నిప్పురవ్వలు లేచి గుడ్డ అంటుకోవచ్చు. కాబట్టి అలాంటి చీర వాడాలనుకుంటే జరీ అంచు, కొంగు పూర్తిగా కత్తిరించేయాలి. ఒంటి భాగంలో జరీ బుటాలు ఉంటే ఆ ముక్క వదిలేయాలి. పంచెల అంచులకూ ఇదే రూల్. గోల్డ్ ప్రింట్, గ్లిట్టర్, చమ్కీలు, అద్దాలు.. వీటి జోలికీ వెళ్లొద్దు.

మరి ఏం కొనాలి..?

కాలనీల్లో ఉండే మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లి ‘కాటన్ ఇవ్వండి’ అని అడిగితే సరిపోదు. షాపు భాషలో కాటన్ లాంటిదాన్ని కూడా కాటన్ అనే అంటారు. ‘పాలిస్టర్ మిక్స్ లేని ప్యూర్ కాటన్’ అని స్పష్టంగా అడగాలి. టెరికాటన్ అంటే పేరులోనే ఉంది, అది మిక్స్. జాకెట్లకు వాడే టూ బై టూ గుడ్డ ప్యూర్ కాటన్‌లోనూ వస్తుంది, మిక్స్‌లోనూ వస్తుంది. శాంటూన్, క్రేప్ లైనింగ్‌లు వద్దు.

రంగు వేయని కోరా కాటన్, కాటన్ పాప్లిన్, క్యాంబ్రిక్ లాంటివి మంచి ఎంపిక. లేత రంగు తీసుకుంటే ఇంకో లాభం ఉంది. గుడ్డ ఎక్కడైనా మాడితే ఆ మచ్చ వెంటనే కనిపిస్తుంది. నల్ల గుడ్డలో అది తెలియదు. మల్లు గుడ్డలా పలచగా ఉంటే బియ్యం పొడి బయటకు రాలుతుంది. మరీ మందంగా ఉంటే పైకి వేడి తెలియక ఇంకాసేపు వేడి చేస్తారు.. లోపల గింజలు మాడతాయి.

కొత్త గుడ్డను కుట్టే ముందు వేడినీళ్లతో ఒకసారి ఉతికి ఆరేయాలి. గంజి, ఫ్యాక్టరీ పూతలు పోతాయి. ముడుచుకునేది ముందే ముడుచుకుంటుంది. రంగు దిగే గుడ్డ అయితే అప్పుడే తెలిసిపోతుంది. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు.

లేబుల్ లేదా..? ఇలా టెస్ట్ చేయండి

బట్ట వ్యాపారులు ఎప్పటినుంచో చేసే పరీక్షే ఇది. గుడ్డలోంచి పడుగు నుంచి నాలుగు పోగులు, పేక నుంచి నాలుగు పోగులు విడివిడిగా లాగాలి. రెండూ ఎందుకంటే.. కొన్ని గుడ్డల్లో నిలువు పోగు కాటన్, అడ్డపోగు పాలిస్టర్ ఉంటాయి.

వంటింట్లో సింక్ దగ్గర, స్టీలు పళ్లెం పైన పోగులను పట్టకారుతో పట్టుకుని అంటించాలి. పక్కన నీళ్లు పెట్టుకోవాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

కాటన్ అయితే: కాగితం కాలినట్టు త్వరగా కాలుతుంది. కాగితం కాలిన వాసనే వస్తుంది. మెత్తటి బూడిద మిగులుతుంది, వేళ్లతో నలిపితే పొడైపోతుంది.

పాలిస్టర్, నైలాన్ అయితే: మంట దగ్గరికి రాగానే ముడుచుకుని కరుగుతుంది. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. చివర గట్టి పూసలా ఉండ కడుతుంది. ఆరాక నలిపినా నలగదు.

పట్టు, ఉన్ని అయితే: వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది.

మిక్స్ అయితే: బూడిద వస్తుంది కానీ అందులో గరుకుగా చిన్న చిన్న ఉండలు చేతికి తగులుతాయి.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. రేయాన్ కూడా కాటన్‌లాగే కాలుతుంది. జారిపోతున్నట్టు, మెరుస్తూ ఉండే గుడ్డ అయితే అనుమానం ఉన్నట్టే.. పక్కన పెట్టేయండి.

దారం సంగతి మర్చిపోవద్దు!

గుడ్డ విషయంలో ఇంత జాగ్రత్తపడి, చివర్లో దారం దగ్గర తప్పు చేసేవాళ్లే ఎక్కువ. టైలర్ల దగ్గర మిషన్‌కు వాడే దారం ఇప్పుడు చాలావరకు పాలిస్టరే. అది తెగదు, గట్టిగా ఉంటుంది. కానీ హీట్ ప్యాక్‌లో కుట్టు కరిగి విడిపోతే వేడి గింజలు ఒంటి మీద పడతాయి. అందుకే కాటన్ దారం రీలు మీరే కొని టైలర్‌కు ఇవ్వడం మంచిది. దారాన్ని కూడా పైన చెప్పినట్టు కాల్చి చూడొచ్చు.

జిప్పు, ప్రెస్ బటన్, వెల్‌క్రో, ఎలాస్టిక్, బ్రాండ్ లేబుల్.. ఇవేవీ ఉండకూడదు. లోపల ఒక సంచి, పైన దిండు గలీబులా మడత పెట్టే కాటన్ కవర్ కుట్టుకుంటే బెస్ట్. కవర్ తీసి ఉతుక్కోవచ్చు. లోపలి సంచిని మాత్రం తడపకూడదు, గింజలకు బూజు పడుతుంది. సంచి నిండా పోయకుండా ముప్పావు వంతు నింపితే మెడ చుట్టూ చక్కగా వంగుతుంది. మూడు నాలుగు గదులుగా కుట్టిస్తే గింజలన్నీ ఒకవైపు జారిపోవు.

లోపలికి బియ్యం, ఉలవలు, గోధుమలు సరిపోతాయి. పాప్‌కార్న్ గింజలు పోయొద్దు. అమ్మమ్మల ఉప్పు మూట పెనానికే సరి. పొడి ఉప్పు మైక్రోవేవ్‌లో సరిగా వేడెక్కదు. ఇసుకలో లోహపు రేణువులు ఉండొచ్చు కాబట్టి అదీ వద్దు. సువాసన కోసం నూనె చుక్కలు వేయడం అసలు చేయొద్దు. నూనె పీల్చిన గుడ్డ త్వరగా అంటుకుంటుంది.

కన్వెక్షన్ బటన్ నొక్కారో..

మన ఇళ్లలో చాలా ఓవెన్లు మైక్రోవేవ్, గ్రిల్, కన్వెక్షన్ మూడూ కలిపి ఉన్నవే. గ్రిల్ పెడితే పైన కాయిల్ ఎర్రగా కాలుతుంది. కన్వెక్షన్‌లో లోపలి గాలి 200 డిగ్రీల దాకా, అంతకు మించి కూడా వేడెక్కుతుంది. ఆ మోడ్‌లో కాటన్ సంచి పెట్టినా ప్రమాదమే. ‘మైక్రో’ మోడ్ మాత్రమే వాడాలి. అప్పుడే కేక్ చేసి తీసిన ఓవెన్ అయితే పూర్తిగా చల్లారే దాకా ఆగాలి. లోపల ఇనుప స్టాండ్ ఉంటే తీసేయాలి.

వేడి చేసేటప్పుడు పాటించాల్సినవి ఇవీ..

మీడియం పవర్‌లో ముందు 30 సెకన్లు పెట్టాలి. తీసి, కదిపి, చేత్తో చూసి, చాలకపోతే మరో 15, 20 సెకన్లు పెంచుకోవాలి. పక్కన చిన్న గాజు కప్పులో నీళ్లు పెడితే గింజలు మరీ ఎండిపోకుండా ఉంటాయి.

ప్లేటు తిరుగుతోందో లేదో చూడాలి. సంచి పెద్దదై గోడకు తగిలి ప్లేటు ఆగిపోతే ఒకేచోట వేడి పడుతుంది.

ఓవెన్ ఆన్ చేసి మీటింగ్ కాల్‌కు వెళ్లిపోవద్దు. అయ్యేదాకా అక్కడే ఉండాలి.

ఒకసారి వాడాక పూర్తిగా చల్లారకుండా మళ్లీ వేడి చేయొద్దు. కనీసం రెండు గంటలైనా ఆగాలి. చల్లబెట్టేటప్పుడు వంటింటి గట్టు మీద పెట్టాలి. దిండు కింద, దుప్పట్లో, సోఫా మీద వద్దు.

ఆఫీస్ ప్యాంట్రీలో ఓవెన్ వాడాలంటే ముందు ఫెసిలిటీ టీమ్‌ను అడగాలి. అందరి టిఫిన్ బాక్సులూ వేడయ్యే చోట నూనె మరకలు సంచికి అంటుకునే అవకాశం ఎక్కువ.

కమురు వాసన, గోధుమ రంగు మచ్చ, చిరుగు.. ఏది కనిపించినా ఆ సంచి చెత్తబుట్టకే. పూర్తిగా చల్లారాక, నీళ్లలో తడిపి పారేయాలి.

వీళ్లు మాత్రం జాగ్రత్త!

60 డిగ్రీల వేడి ఒంటికి దాదాపు 5 సెకన్లు తగిలినా చర్మం కాలిపోగలదు. 44 డిగ్రీల్లాంటి హాయిగా అనిపించే వేడి కూడా గంటల తరబడి ఒకేచోట ఉంటే కాలుస్తుంది. అందుకే ప్యాక్ పెట్టుకుని నిద్రపోవద్దు. 15, 20 నిమిషాలు చాలు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు డాక్టర్‌ను అడక్కుండా వాడకూడదు. దెబ్బ తగిలి అప్పుడే వాచిన చోట కాపడం వద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం. నొప్పి బామ్ రాసి దాని మీద హీట్ ప్యాక్ పెట్టేస్తుంటారు చాలామంది. ఇది ప్రమాదం. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉండే నొప్పి మందుల వల్ల చర్మం కాలిన కేసులు ఉన్నాయని అమెరికా ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరించింది. అవి రాసుకున్న చోట వేడి పెట్టొద్దని సూచించింది. బామ్ లేదా కాపడం.. ఏదో ఒకటే.

పొగ వస్తే ఏం చేయాలి..?

ఓవెన్‌లో పొగ కనిపిస్తే కంగారుపడి తలుపు తీయొద్దు. గాలి అందితే మంట పెరుగుతుంది. వెంటనే స్విచ్ ఆపి, వీలైతే ప్లగ్ తీసేయాలి. తలుపు మూసే ఉంచితే చాలావరకు అదే ఆరిపోతుంది. ఆరకపోతే అందరినీ బయటకు పంపి 101 లేదా 112కు ఫోన్ చేయాలి. చర్మం కాలితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐస్, పసుపు, టూత్‌పేస్ట్ లాంటివి పెట్టొద్దు.

మీటరు కాటన్ గుడ్డకు, ఒక దారం రీలుకు అయ్యే ఖర్చు పెద్దదేం కాదు. లేబుల్ చూడటానికి, నాలుగు పోగులు కాల్చి చూడటానికి పట్టే టైమ్ అంతకన్నా తక్కువ. ఆ గుడ్డ ఏంటో తేలకపోతే, ఆ రాత్రికి రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్‌తోనో, వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలుతోనో సరిపెట్టుకోవడమే మేలు.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. నొప్పి రోజుల తరబడి తగ్గకపోయినా, చేతులకు తిమ్మిర్లు, బలహీనత ఉన్నా కాపడాలతో కాలం గడపకుండా డాక్టర్‌ను సంప్రదించాలి.